ఇరవై రూపాయల మెలకువ

(మా ఊరి శాఖా గ్రంథాలయంలో, గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక సాయంత్రం, వైద్య కళాశాలలో ఫార్మకాలజీ, అంటే మందుల శాస్త్రం, చెప్పి రిటైరైన మాస్టారు ఒకరు ఎనర్జీ డ్రింకుల మీద చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం ఫోను రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు కూర్చుంటే ప్రశ్నలడుగుతానని భయమా? అడుగుతాను. అయినా రండి.

ముందు ఈ సంచి సంగతి చెప్తాను. ఇందాకట్నుంచీ అందరూ దీనివైపే చూస్తున్నారు. పొద్దున్నే నడకకి వెళ్ళినప్పుడు జూనియర్ కాలేజీ గోడ వెంబడి ఏరాను ఇవన్నీ. ఖాళీ సీసాలు. ఎర్రవి, నీలంవి, రెండు మూడు రేకు డబ్బాలు. మొత్తం 23. వంగి వంగి ఏరుతుంటే మున్సిపాలిటీ చెత్తబండి అతను ఆగి, "ఏం సార్, పెన్షన్ చాలట్లేదా?" అన్నాడు. నవ్వకండి, పాపం నిజంగానే జాలిపడ్డాడు.

ఇదే గోడ దగ్గర పదిహేనేళ్ళ కిందట ఏరి ఉంటే ఏం దొరికేవి? సిగరెట్ పీకలు, గుట్కా కాగితాలు. అవి చూస్తే తల్లిదండ్రులకి కోపం వచ్చేది. ఈ సీసాలు చూస్తే ఎవరికీ కోపం రాదు. కూల్‌డ్రింకే కదా అనుకుంటాం. ఇరవై రూపాయలు కదా అనుకుంటాం. మనమే కొనిస్తాం కూడా.

అక్కడే ఇద్దరు కుర్రాళ్ళు క్రికెట్ ఆడుతుంటే పిలిచి అడిగాను. ఇదేంట్రా అంటే, "ఎనర్జీ డ్రింకు సార్" అన్నారు. ఎనర్జీ అంటే ఏంట్రా అన్నాను. ఫిజిక్సు చదువుతున్నారు కదా, పనిచేసే సామర్థ్యం అంటారేమో అనుకున్నా. వాళ్ళేమన్నారో తెలుసా? "నిద్ర రాదు సార్." అంతే. ఎనర్జీ అంటే నిద్ర రాకపోవడం! ఈ మాట మీరు గుర్తు పెట్టుకోవాలి. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆ కుర్రాడు ఒక్క ముక్కలో చెప్పేశాడు. నేను చెప్తే గంట పడుతుంది, మాస్టర్ని కదా.

శక్తి అంటే మన ఒంటికి ఎక్కడినుంచి వస్తుంది? అన్నంలోంచి, పప్పులోంచి, నూనెలోంచి వస్తుంది. ఈ సీసాలో శక్తి ఇచ్చే వస్తువు ఒకటే ఉంది, చక్కెర. అది బెల్లంముక్కలోనూ ఉంది. ఇక రెండోది కెఫీన్. కెఫీన్‌లో శక్తి ఎంత? సున్నా. అది ఒంటికి ఏమీ ఇవ్వదు. మరి ఏం చేస్తుంది?

మీరంతా ఆర్టీసీ బస్సెక్కినవాళ్ళే. పండగ రోజుల్లో బస్టాండులో బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకుంటాం. అవునా? ఆ సీట్లో మనిషి లేడు. కానీ ఖాళీ కూడా లేదు. ఇంకొకరు కూర్చోడానికి లేదు. కెఫీన్ సరిగ్గా ఆ తువ్వాలు.

మనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. పొద్దున లేచినప్పుడు తక్కువ, రాత్రయ్యేసరికి ఎక్కువ. దానికి మెదడులో కొన్ని సీట్లున్నాయి, రిసెప్టర్లంటాం. అడినోసిన్ వచ్చి ఆ సీట్లో కూర్చుంటే మనకి ఆవలింత వస్తుంది, కళ్ళు వాలతాయి. ఇక చాలు పడుకో అని ఒళ్ళు చెప్పే కబురు అది. కెఫీన్ చూడ్డానికి అడినోసిన్‌లాగే ఉంటుంది, కానీ కబురు చెప్పదు. వెళ్ళి సీట్లో తువ్వాల్లాగా పడి ఉంటుంది. అడినోసిన్ వచ్చి చూసి, సీటు లేక నిలబడుతుంది. అలసట ఎక్కడికీ పోలేదండీ! బస్సులోనే నిలబడి ఉంది. ఇంకో గంటకి ఇంకొంతమంది ఎక్కారు, వాళ్ళూ నిలబడ్డారు. ఐదారు గంటలకి తువ్వాలు తీశారనుకోండి, నిలబడ్డవాళ్ళంతా ఒక్కసారి కూలబడతారు. మధ్యాహ్నం క్లాసులో పిల్లాడు డెస్కు మీద తలపెట్టి పడిపోయేది అందుకే.

ఇంకో తమాషా ఉంది. రోజూ తువ్వాళ్ళు వేస్తుంటే డిపో వాళ్ళేం చేస్తారు? జనం నిలబడిపోతున్నారని సీట్లు పెంచుతారు. మెదడూ అంతే. రోజూ కెఫీన్ పడుతుంటే రిసెప్టర్లు పెంచుకుంటుంది. అప్పుడు ఒక తువ్వాలు చాలదు, రెండు కావాలి. మొదటి రోజు సగం సీసాకే కళ్ళు ఇంత చేసుకుని కూర్చున్న కుర్రాడు, మూడో వారానికి రెండు తాగి ఆవలిస్తుంటాడు.

ఈ కెఫీన్‌ని మొదట కాఫీ గింజలోంచి విడదీసింది ఎవరో తెలుసా? 1819లో జర్మనీలో ఫ్రీడ్‌లీబ్ రుంగె అని ఒక పాతికేళ్ళ కుర్రాడు. బెల్లడోనా అనే విషపు మొక్క రసం పిల్లి కంట్లో వేస్తే కంటిపాప ఎలా పెద్దదవుతుందో గోథేకి చూపించాడు. గోథే అంటే జర్మన్ మహాకవే. ఆయన ముచ్చటపడి చేతిలో నాలుగు కాఫీ గింజలు పెట్టి, వీటిలో ఏముందో చూడు నాయనా అన్నాడు. మన కవులు కుర్రాళ్ళకి శాలువాలు కప్పుతారు. శాలువా కప్పి ఉంటే కెఫీన్ దొరికేది కాదు. సరే, ఇది పక్కన పెట్టండి.

ఈ సీసా ఎక్కడ పుట్టింది?

ఈ డ్రింకులు అమెరికాలో పుట్టాయనుకుంటాం. కాదు, మన ఆసియాలోనే పుట్టాయి. 1962లో జపాన్‌లో లిపోవిటాన్ డి అని చిన్న గాజు సీసాలో వచ్చింది, టానిక్కు సీసా మాదిరిగా. ఆ తర్వాత 1970లలో థాయిలాండ్‌లో చలియో యూవిద్య అనే ఆయన క్రాటింగ్ డేంగ్ అని ఒకటి తయారుచేశాడు. క్రాటింగ్ అంటే అడవిదున్న, డేంగ్ అంటే ఎరుపు. ఎర్ర అడవిదున్న! ఎవరు తాగేవాళ్ళు దాన్ని? లారీ డ్రైవర్లు, కూలీలు, రాత్రి షిఫ్టు వాళ్ళు. అంటే పడుకోడానికి వీల్లేనివాళ్ళు. డైట్రిక్ మాటెషిట్జ్ అనే ఆస్ట్రియా వ్యాపారి అక్కడికి వెళ్ళినప్పుడు ఇది తాగి, విమాన ప్రయాణం బడలిక పోయిందని సంతోషపడి, చలియోతో కలిసి కంపెనీ పెట్టాడు. గ్యాసు ఎక్కించి, సన్నటి డబ్బాలో పోసి, 1987లో రెడ్‌బుల్ అని ఆస్ట్రియాలో అమ్మాడు. అదే ఎర్రదున్న. కూలీ తాగే సీసా కాస్తా కారు రేసుల డబ్బా అయింది. ధర కూడా అలాగే పెరిగింది.

మన దేశంలో చాన్నాళ్ళు ఇది డబ్బున్నవాళ్ళ సరుకే. వంద రూపాయల పైన పెట్టి డబ్బా కొనాలంటే మన ఊళ్ళో ఎవరు కొంటారు? తర్వాత ప్లాస్టిక్ సీసా వచ్చింది, ఇరవై రూపాయలకి. దాంతో కథ మళ్ళీ మొదటికొచ్చింది. ఈ రోజు మీరు జాతీయ రహదారి మీద ఏ దాబా దగ్గరైనా ఆగండి, కోతల కాలంలో ఏ పొలం గట్టుమీదైనా చూడండి, కార్పొరేట్ హాస్టల్ వెనక సందులో చూడండి. ఎవరి చేతిలో ఉంది ఈ సీసా? పడుకోడానికి వీల్లేనివాళ్ళ చేతిలోనే ఉంది. అప్పుడూ వాళ్ళే, ఇప్పుడూ వాళ్ళే. ఒకటే తేడా, ఇప్పుడు ఆ వరసలో పధ్నాలుగేళ్ళ పిల్లలు కూడా చేరారు.

మరి మన కాఫీ సంగతేంటి?

ముందు వరసలో సుబ్బరంగా పంచె కట్టుకున్న పెద్దాయన చేయెత్తారు. ఏమండీ? "మరి మన కాఫీ మాటేమిటి?" అంటున్నారు. ఈ ప్రశ్న వస్తుందనే చూస్తున్నా. దాటేసి వెళ్ళిపోదామనుకున్నా, పట్టేశారు.

మన తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, ఎన్‌ఐఎన్. వాళ్ళు 2024 మేలో భారతీయుల ఆహార మార్గదర్శకాలు అని పుస్తకం వేశారు. అందులో లెక్కలున్నాయి. 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్. ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65. టీలో 30 నుంచి 65. రోజుకి 300 దాటొద్దన్నారు.

ఇప్పుడు ఈ సీసా. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ పెట్టిన నియమం ప్రకారం ఇలాంటి డ్రింకులో లీటరుకి 145 మిల్లీగ్రాములకి తగ్గకూడదు, 300 దాటకూడదు. 300 అనుకుందాం. పావు లీటరు సీసాలో ఎంత? ఆ అమ్మాయి చెప్పింది, 75. కరెక్టు. అంటే నాకు పొద్దున మా ఆవిడ ఇచ్చే ఫిల్టరు కాఫీ నిండు గ్లాసులో ఇంతకంటే ఎక్కువే ఉంటుంది! ఇక్కడ నిలబడి ఈ సీసాని తిడుతున్న నేను రోజుకి మూడు సీసాల సరుకు తాగి వచ్చాను. ఇది దాచిపెట్టి మాట్లాడితే పిల్లలు మనల్ని నమ్మరు. నమ్మకూడదు కూడా.

మరి గొడవేంటి? తేడా తాగే తీరులో ఉంది. కాఫీ పొగలు కక్కుతుంటుంది, చేదుగా ఉంటుంది, ఊదుకుంటూ తాగుతాం. మూడో గ్లాసు అడిగితే మా ఆవిడ చూసే చూపు ఒకటి ఉంది. ఇది చల్లగా, తియ్యగా, గ్యాసుతో గొంతులోకి జారిపోతుంది. దాహమేసినప్పుడు తాగుతారు! దాహానికి ఎవరైనా మూడు గ్లాసుల ఫిల్టరు కాఫీ తాగుతారా? ఎండలో ఆడొచ్చిన పిల్లాడు రెండు సీసాలు నిలబడి తాగేస్తాడు, ఐదు నిమిషాల్లో 150 మిల్లీగ్రాములు.

రెండో తేడా, వయసు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో ఒక లెక్క చెప్పింది. పెద్దవాళ్ళకి రోజుకి 400 మిల్లీగ్రాముల దాకా, ఒక్కసారిగా అయితే 200 దాకా ఫరవాలేదు. పిల్లలకి మాత్రం కిలో బరువుకి 3 మిల్లీగ్రాములు. లెక్క చెయ్యండి. 25 కిలోల పిల్లాడికి ఎంత? 75. అంటే ఒక్క సీసాతో వాడి రోజు కోటా అయిపోయింది. పొద్దున టీలో బిస్కట్ ముంచుకుని తిన్నది దీంట్లో కలపలేదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2011లోనే, ఈ డ్రింకులకి పిల్లల ఆహారంలో చోటే లేదని చెప్పేసింది.

మూడోది చక్కెర. చక్కెర ఎక్కువగా ఉండే రకం డబ్బాల్లో వంద మిల్లీలీటర్లకి 11 గ్రాములు. మొత్తం పావు లీటరు డబ్బాకి 27 గ్రాముల పైన. రోజు మొత్తానికి 25 గ్రాములైతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఇంకా తమాషా, లేబుల్ మీద 100 మిల్లీలీటర్లకి ఎంతో పెద్దగా వేస్తారు. 100 మిల్లీలీటర్లు తాగి మూత పెట్టేసినవాణ్ణి నేను ఇంతవరకూ చూళ్ళేదు.

అమెరికాలో పిల్లలున్నవాళ్ళు ఇక్కడ సగం మంది ఉంటారు. వాళ్ళతో మాట్లాడేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. అక్కడ అర లీటరు డబ్బాలో 200, 300 మిల్లీగ్రాములుండే రకాలు కూడా దొరుకుతాయి. "ఒక్క డబ్బానే తాగాను డాడీ" అంటే ఇక్కడి నాలుగు సీసాలు కావచ్చు.

డబ్బా మీద టారిన్ అని కూడా ఉంటుంది. దాని మీద హాస్టళ్ళలో పెద్ద పుకారు, ఎద్దు నుంచి తీస్తారని. ఎద్దులో ఎక్కడి నుంచో కూడా చెప్తారు, ఆడపిల్లలున్నారు, నేను చెప్పను. 1827లో ఎద్దు పిత్తంలో కనిపెట్టారు, లాటిన్‌లో టారస్ అంటే ఎద్దు, కాబట్టి ఆ పేరొచ్చింది, అంతే. ఇప్పుడు ఫ్యాక్టరీలో చేస్తారు. పచ్చచుక్క కూడా ఉంటుంది చూడండి. భయపడాల్సింది టారిన్‌కి కాదు. జిన్‌సెంగ్ అనే వేరు, కెఫీన్ కలిపి అమ్మడంలో అర్థం లేదని మన ఆహార భద్రతా సంస్థ 2015లో కొన్ని డ్రింకుల్ని బజారు నుంచి వెనక్కి తీయించింది. అందులోనూ గొడవ కలగలుపు గురించే.

ఇప్పుడు హాస్టలు సంగతి. ఇక్కడ నాకు కాస్త కోపం వస్తుంది, ఏమీ అనుకోకండి.

మా తమ్ముడి మనవడు ఇంటర్ రెండో సంవత్సరం. ఒక హాస్టల్లో ఉన్నాడు, పేరు అనవసరం. పరీక్షల ముందు ఫోన్ చేశాడు. "తాతయ్యా, గుండె దడదడలాడుతోంది, చేతులు వణుకుతున్నాయి, హార్టెటాకా?" అన్నాడు. పదిహేడేళ్ళ పిల్లాడు! ఏం తాగావురా అంటే చెప్పడు. మీ నాన్నకి చెప్పనురా అంటే అప్పుడు చెప్పాడు. సాయంత్రం నాలుగింటికి ఒక సీసా, రాత్రి తొమ్మిదింటికి ఇంకోటి, మధ్యలో మెస్సులో కాఫీ. మర్నాడు తీసుకెళ్ళి ఈసీజీ తీయిస్తే దేవుడి దయవల్ల బాగానే ఉంది.

లెక్క చూద్దాం. కెఫీన్ సగం కరగడానికి సగటున 5 గంటలు పడుతుంది. నాలుగింటికి తాగిన 75, రాత్రి తొమ్మిదింటికి 37. అర్ధరాత్రి రెండింటికి ఇంకా 18, 19 ఉంటుంది. తొమ్మిదింటి సీసా దాని మీద కలిసింది. వీడు రెండింటికి పడుకుంటాడు, తెల్లవారుజామున నాలుగున్నరకి స్టడీ అవర్ బెల్లు కొడతారు. 2013లో అమెరికాలో ఒక పరీక్ష చేశారు. పడుకోడానికి 6 గంటల ముందు 400 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే గంటకి పైగా నిద్ర తగ్గింది. తాగినవాళ్ళకి బాగానే పడుకున్నామనే అనిపించింది. అదీ చిక్కు! పోయిన గంట పోయినట్టు తెలీదు.

చదివింది తలలో కుదురుకునేది ఎప్పుడండీ? నిద్రలో. రాత్రంతా మేలుకుని ఇంటిగ్రేషన్ సూత్రాలు బట్టీ పట్టినవాడు, వాటిని దాచుకునే గదికి తాళం వేసుకుని కూర్చున్నట్టు. ఇది వాడి తప్పా? వాణ్ణి నేను తిట్టలేదు. నాలుగున్నరకి బెల్లు కొట్టినవాణ్ణి తిట్టాలి. రాత్రి పదకొండుకి ఇంకా ఎందుకు పడుకోలేదని అడగని వార్డెన్‌ని తిట్టాలి. ఆ ర్యాంకుల ఫ్లెక్సీ చూసి లక్షలు కట్టొచ్చిన మనల్ని మనం తిట్టుకోవాలి. ఆ పిల్లాడు కొన్నది డ్రింకు కాదండీ. మనం వాడి దగ్గర లాక్కున్న నిద్రకి బదులు, ఇరవై రూపాయల మెలకువ కొనుక్కున్నాడు.

గుండె మాట వచ్చింది కాబట్టి చెప్తాను. 2019లో ఒక పరిశోధన వచ్చింది. 34 మంది ఆరోగ్యవంతులైన యువతకి లీటరుకి కాస్త తక్కువ ఎనర్జీ డ్రింకు గంటలోపు తాగించి ఈసీజీలు తీశారు. రక్తపోటు నాలుగైదు పాయింట్లు పెరిగింది. గుండె ప్రతి కొట్టుకీ మధ్య తనని తాను సర్దుకునే సమయం ఒకటి ఉంటుంది, క్యూటీ అంటాం, అది నాలుగు గంటల తర్వాత కూడా 6 నుంచి 8 మిల్లీసెకన్లు ఎక్కువుంది. మామూలు గుండెకి ఇది పెద్ద లెక్క కాదు. కానీ పుట్టుకతోనే ఆ క్యూటీ సాగి ఉండేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళకి ఆ సంగతి తెలీదు. అదే పేచీ. ఇక జిమ్ముకెళ్ళే కుర్రాళ్ళు, ప్రీవర్కవుట్ అని స్పూనుతో పొడి నోట్లో పోసుకుంటున్నారు, నీళ్ళు కూడా కలపకుండా. ఒక్క స్పూనులో 200 మిల్లీగ్రాముల పైన కెఫీన్ ఉండే రకాలున్నాయి. దాని మీద ఒక డబ్బా తాగి బరువులెత్తడం... మీ ఇష్టం, నేను మాత్రం ఆ జిమ్ము పక్కనే కూర్చుంటాను, అంబులెన్సుకి ఫోన్ చెయ్యడానికి.

ఈ డ్రింకుని మద్యంలో కలుపుకునేవాళ్ళ సంగతి రెండు ముక్కలు. ఎక్కింది ఎక్కినట్టే ఉంటుంది, ఎక్కినట్టు తెలీదు. నిద్రమత్తు పోతుంది, తాగిన మత్తు పోదు. బాగానే ఉన్నాననుకుని బండి తీస్తాడు. 2010లో అమెరికా ప్రభుత్వం ఇలా కలిపి అమ్మే కంపెనీలకి హెచ్చరికలు పంపింది. మన దగ్గర కంపెనీ కలపక్కర్లేదు, బల్ల మీద మనమే కలుపుకుంటాం.

ఎండాకాలం మాట చెప్పాలి, ఇది చాలా ముఖ్యం. వడదెబ్బ కొట్టిన కూలీకి, విరేచనాలవుతున్న పిల్లాడికి "ఎనర్జీ వస్తుంది" అని ఈ సీసా పట్టిస్తున్నారు. వద్దు. ఓఆర్‌ఎస్ లీటరుకి గ్లూకోజు 13.5 గ్రాములే ఉంటుంది, ఉప్పుతో సరిగ్గా తూచి. ఇందాక చెప్పిన డబ్బాలో లీటరుకి లెక్కేస్తే చక్కెర 110 గ్రాములు, ఎనిమిది రెట్లు. విరేచనాల్లో అంత తీపి పోస్తే నీళ్ళు పేగులోకే లాక్కుంటుంది, ఇంకా పెరుగుతాయి. పేరు చూసి మోసపోవడం మనకి అలవాటే. తియ్యటి డ్రింకుల డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అని రాసుకోవడం ఆపించడానికి మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే 2025 అక్టోబరులో ఆగింది. ఓఆర్‌ఎస్ అన్న మూడక్షరాలకే అంత పోరాటమైతే, ఎనర్జీ అన్న మాటని ఎవరు తీయిస్తారు? మజ్జిగలో ఉప్పేసి ఇవ్వండి.

ఇప్పుడు మన కాఫీ, టీ బ్యాచి వైపు వస్తాను. నవ్వుకుంటూ కూర్చున్నారు కదా ఇందాకట్నుంచి.

శివరాత్రి ఉపవాసం ఉంటాం. సాయంత్రానికి తల పగిలిపోతుంది. ఏమంటాం? ఆకలి తలనొప్పి అంటాం, పైత్యం అంటాం. చాలామందికి అది ఆకలి కాదండీ, కాఫీ! ఆపిన 12 నుంచి 24 గంటల్లో మొదలవుతుంది, ఒకటి రెండు రోజులు గట్టిగా ఉంటుంది, కొందరికి వారం దాటుతుంది. రంజాన్ మొదటి నాలుగు రోజులు మా స్నేహితుడు ఖాదర్ భాయ్ నుదుటికి రుమాలు బిగించుకుని తిరిగేవాడు, ఇదే కారణం. ఆపరేషన్ కోసం పరగడుపున ఉంచినవాళ్ళకి మత్తు దిగాక తలనొప్పి వస్తే, అందులోనూ ఇది ఒక కారణం. ఆదివారం ఆలస్యంగా లేస్తే తల బరువుగా ఉండేది కూడా. 2013 నుంచి అమెరికా మనోవైద్యుల పుస్తకంలో దీనికి జబ్బుగా పేరు కూడా పెట్టారు. ఇంకో చిత్రం, కిరాణా కొట్టులో కొనే కొన్ని తలనొప్పి మాత్రల్లోనే కెఫీన్ ఉంటుంది. కాఫీ మానేసి తలనొప్పి వచ్చిందని మాత్ర వేసుకుంటే తగ్గుతుంది. ఎందుకు తగ్గదు? కాఫీ మాత్ర రూపంలో తాగారు! అట్ట వెనక చదవండి. మానాలనుకుంటే ఒక్కసారిగా మానకండి, మూడు గ్లాసులు రెండున్నర, ఆ తర్వాత రెండు, అలా పదిహేను రోజుల్లో దిగండి.

థైరాయిడ్ మాత్ర వేసుకునే అమ్మలు చేతులెత్తండి. చూశారా ఎంతమందో. మాత్ర వేసుకుని ఎంతసేపటికి కాఫీ తాగుతున్నారు? "వెంటనేనండీ, కాఫీతోనే." అయ్యో తల్లీ! కాఫీ ఆ మాత్రని ఒంటికి పట్టనివ్వదు. నీళ్ళతో వేసుకుని అరగంట, వీలైతే గంట ఆగండి. డాక్టరు డోసు పెంచుతున్నాడు, పెంచుతున్నాడు అని తిట్టుకుంటారు, పాపం ఆయనకి మీ కాఫీ సంగతి తెలీదు.

అన్నం తినగానే టీ వద్దు. ముందొక గంట, తర్వాతొక గంట ఆగమని ఎన్‌ఐఎన్ చెప్పింది. ఇది కెఫీన్ వల్ల కాదు, టీలో ఉండే టానిన్ల వల్ల. తిన్న ఆకుకూరలోని ఇనుముని పట్టేసుకుంటాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్ళకి రక్తం తక్కువ. కడుపుతో ఉన్నవాళ్ళకి కెఫీన్ మామూలుకంటే చాలా నెమ్మదిగా కరుగుతుంది, లోపల బిడ్డకి కరిగించుకునే శక్తే లేదు. రోజు మొత్తానికి 200 దాటనివ్వకండి. ఈ సీసాలైతే అసలొద్దు, ఆ ముక్క దాని మీదే రాసి ఉంది. సిగరెట్ మానేసినవాళ్ళకి ఒక మాట. పొగతాగేవాళ్ళకి కెఫీన్ రెట్టింపు వేగంతో కరుగుతుంది. మానేశాక అదే కాఫీ ఎక్కువైపోయి చిరాకు, దడ వస్తాయి. సిగరెట్ మానడం పడలేదనుకుని మళ్ళీ వెలిగిస్తారు. తగ్గించాల్సింది కాఫీ.

కాఫీ మీద నాకు పగేం లేదు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం కాఫీని అనుమానితుల జాబితాలోంచి తీసేసింది. 65 డిగ్రీలు దాటిన వేడితో తాగడమే ప్రమాదం అంది. పొయ్యి మీంచి దించిన టీ దించినట్టే గొంతులో పోసుకునే వీరులు గమనించాలి.

డ్రైవరన్నలు ఇద్దరు కనిపిస్తున్నారు వెనకాల. మీకు సీసా తాగొద్దని చెప్పను, చెప్పినా వినలేరు, తెల్లారేసరికి సరుకు దిగాలి. ఒక పద్ధతి చెప్తాను, ఇంగ్లాండులో డ్రైవర్ల మీద పరీక్షించిందే. కళ్ళు మూతలు పడుతుంటే బండి పక్కకి ఆపండి. కాఫీ తాగండి. తాగి వెంటనే పావుగంట పడుకోండి. కెఫీన్ తలకెక్కడానికి ఇరవై నిమిషాలు, అరగంట పడుతుంది కాబట్టి పడుకోనిస్తుంది. ఆ పావుగంటలో నిలబడ్డ ప్రయాణికులు కొందరు దిగిపోతారు, తర్వాత తువ్వాలు పడుతుంది. ఉత్త కాఫీ కంటే, ఉత్త కునుకు కంటే రెండూ కలిస్తే బాగా పనిచేస్తుంది. కానీ ఇది గంటా రెండు గంటలకి మాత్రమే. రాత్రంతా గడపడానికి కాదు.

చట్టం మాట అడుగుతున్నారు ఎవరో. లిథువేనియాలో 2014 నుంచి పద్దెనిమిది నిండనివాళ్ళకి అమ్మరు. పోలండులో 2024 జనవరి నుంచి. మన దేశంలో పంజాబు 2025లో బడి క్యాంటీన్లలో, బడుల చుట్టుపక్కల అమ్మొద్దంది. మన దగ్గర సీసా మీద పిల్లలకి తగదు అని రాసి ఉంటుంది, కొట్టువాడు పిల్లాడికే అమ్ముతాడు. వాణ్ణి అడిగితే, "రాసింది కంపెనీ, అమ్మొద్దని నాకెవరూ చెప్పలేదు" అంటాడు. వాడు చెప్పింది నిజమే.

సరే, లైబ్రేరియన్ గారు గడియారం చూస్తున్నారు. ఈ 23 సీసాలు ఈ బల్ల మీద వరసగా పెట్టేస్తున్నాను. పిల్లలూ, ఒక్కొక్కరు ఒక్కోటి తీసుకుని, కెఫీన్ ఎంతో, చక్కెర ఎంతో చదివి, పావు లీటరుకి లెక్కకట్టి ఆ బోర్డు మీద రాయండి. భూతద్దం తెచ్చాను, ఇదిగో. అక్షరాలు అంత చిన్నవి మరి. ముందు ఈ ఎర్ర సీసా ఎవరు చదువుతారు? రామ్మా, నువ్వు రా. ఈలోగా అందరికీ టీ వస్తోందట. ఏడు కావస్తోంది కదా, పదింటికి పడుకునేవాళ్ళు అర కప్పు పుచ్చుకోండి. నాకొద్దు, నాది ఇవాళ్టికి మూడు సీసాలు అయిపోయింది.